నాస్ కొనే ముందు, కొన్నాక: ఫైళ్లు ఒకచోట పెట్టడం, పంచుకోవడం, బ్యాకప్ తీయడం ఎలా

పెండ్లిళ్ల సీజన్ అయిపోయాక హన్మకొండలోనో, కాజీపేటలోనో, జనగామలోనో ఏ ఫొటో స్టూడియోకి వెళ్లినా టేబుల్ మీద ఎక్స్‌టర్నల్ డిస్కులు కుప్పగా కనిపిస్తాయి, వాటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు సగం చెరిగిపోయి ఉంటాయి. వీడియో ఎడిట్ చేసే అబ్బాయి ఒక కంప్యూటర్ మీద, ఆల్బమ్ డిజైన్ చేసే అమ్మాయి ఇంకో కంప్యూటర్ మీద, మధ్యలో పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగేవాళ్లు ఒకరు. డీటీపీ సెంటర్లలో, ఆడిటర్ ఆఫీసుల్లో, కోచింగ్ సెంటర్లలో కూడా పరిస్థితి ఇంతే. చివరికి ఎవరో "ఒక నాస్ పెట్టుకో అన్నా" అంటారు, అంటే ఫైళ్లన్నీ ఒకచోట ఉంచి ఆఫీసులో అందరికీ అందించే డిస్కుల పెట్టె. షాపుకి వెళ్తే రైడ్, ఎస్ఎంబీ, బే, వాల్యూమ్, స్నాప్‌షాట్ అని మాటలన్నీ ఒక్కసారి మీద పడతాయి, సరే అని తలూపి డబ్బులు కట్టి పెట్టె తెచ్చుకుంటాం.

అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఫైళ్లకు జాగా ఇవ్వడం ఒక పని, వాటిని నలుగురికీ అందేలా చేయడం ఇంకో పని, పోయినప్పుడు తిరిగి తెచ్చుకోగలగడం మూడో పని. పెట్టె కొన్నంత మాత్రాన ఈ మూడూ అయిపోయాయని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మొదటి రెండే అవుతాయి, మూడోది మీరు కూర్చుని చేసుకోవాల్సిందే. అందుకే ఈ మాటలన్నీ పదకోశంలా కాకుండా, పని చేస్తున్నప్పుడు ఏ వరుసలో ఎదురవుతాయో అదే వరుసలో చెప్తాను.

ముందు లెక్క వేసుకోండి

షాపుకి పోయే ముందే కాగితం తీసుకుని మీకు ఎంత జాగా కావాలో రాయండి. 4కె వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే గంటకు సుమారు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు, ఒక్కోటి ఐదు గంటలు నడిచిందనుకోండి, ఒక్క పెండ్లికి 450 జీబీ, రా ఫొటోలు, డ్రోన్ వీడియో ఇంకా కలపకుండానే. సీజన్‌లో ఎన్ని పెండ్లిళ్లు చేస్తారో, ఎన్ని నెలలు దాచిపెట్టాలో గుణించుకోండి. ఆడిటర్ ఆఫీసుకి ఇంత అక్కర్లేదు, వాళ్లకు ఒక టీబీ కూడా ఏళ్లతరబడి సరిపోవచ్చు.

ఇక్కడ బిట్, బైట్ తేడా పట్టుకోండి, ముందుముందు అన్ని లెక్కలకూ ఇదే ఆధారం. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. ఇంటర్నెట్ వేగం, కేబుల్ వేగం బిట్లలో చెప్తారు, ఫైలు సైజు బైట్లలో చెప్తారు. ఇంకో సంగతి, 4 టీబీ డిస్కు కొని విండోస్‌లో పెడితే సుమారు 3.63 టీబీ అని చూపిస్తుంది. షాపువాళ్లు మోసం చేయలేదు, కంపెనీ 1000 చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే.

ఏ రకం పెట్టె

యూఎస్‌బీ కేబుల్‌తో ఒక కంప్యూటర్‌కి నేరుగా తగిలించే డిస్కును డాస్ అంటారు. చవక, వేగం కూడా బాగానే ఉంటుంది, కానీ ఆ కంప్యూటర్ ఆపేస్తే మిగతావాళ్లకు ఏమీ అందదు. నాస్ అంటే తనకంటూ ఒక చిన్న ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెట్టె. అది కంప్యూటర్‌కి కాదు, రూటర్‌కో, నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్ అనే పెట్టెకో తగులుకుని ఉంటుంది, ఆఫీసులో అందరికీ ఒకేసారి ఫైళ్లు ఇస్తుంది. శాన్ అని ఇంకోటి వినిపిస్తుంది, అది పెద్ద ఆసుపత్రులకు, డేటా సెంటర్లకు, మీకు అక్కర్లేదు. ఐస్కజీ (iSCSI) అన్న మాట కూడా ఆ కోవలోనిదే. పెట్టె సెట్టింగుల్లో కనబడితే దాని జోలికి పోకండి, ఎందుకంటే దానితో ఇచ్చిన జాగాను రెండు కంప్యూటర్లు మామూలుగా ఒకేసారి వాడితే అందులోని ఫైళ్ల అమరిక (ఫైల్ సిస్టమ్) పాడైపోతుంది.

పెట్టెలో డిస్కు పెట్టే ఒక్కో గూడును బే అంటారు. రెండు బేలు, నాలుగు బేలు ఎక్కువగా దొరుకుతాయి. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల పెట్టెలు డిస్కులు లేకుండానే వస్తాయి, డిస్కులు విడిగా కొనాలి, ఈ సంగతి తెలియక బడ్జెట్ తలకిందులైనవాళ్లు ఉన్నారు. కాస్త ఓపిక ఉంటే పాత కంప్యూటర్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ గానీ ట్రూనాస్ గానీ ఎక్కించి నాస్ చేసుకోవచ్చు, రెండూ ఉచితమే. అయితే పాత కంప్యూటర్ కరెంటు ఎక్కువ తాగుతుంది, పాడైతే చూసుకోవాల్సింది మీరే. స్టూడియో నడుపుతూ అదంతా చూసుకునే తీరిక లేకపోతే పెట్టె కొనుక్కోవడమే మేలు అని నా అభిప్రాయం.

డిస్కులు, రైడ్

డిస్కు కొనేటప్పుడు రోజంతా ఆగకుండా నడవడానికి చేసిన నాస్ రకం అడగండి. సీఎంఆర్ అని, ఎస్ఎంఆర్ అని రెండు విధాలుగా డేటా రాసే డిస్కులు ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి ఒకచోట మార్చి రాయాలంటే పక్కవి కూడా మళ్లీ రాయాలి, అందుకే రైడ్‌లో, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో, పెడితే బాగా నెమ్మదిస్తుంది. బిల్లు కట్టే ముందు మోడల్ నంబరు చూసి సీఎంఆర్ అని తేల్చుకోండి.

ఇప్పుడు రైడ్. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రంతో ఈ పద్ధతులకు ఒక వరుస వచ్చింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చిన్నవి కొన్ని కలిపి వాడితే వేగం వస్తుంది, కానీ డిస్కులు ఎక్కువయ్యేకొద్దీ ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా పెరుగుతుంది కదా, ఆ చిక్కును ఎలా దాటాలన్నదే వాళ్ల ఆలోచన.

రైడ్ 0లో డేటా ముక్కలై అన్ని డిస్కుల మీదా పరుచుకుంటుంది. వేగం బాగుంటుంది, ఒక్క డిస్కు పోతే మొత్తం పోతుంది. పేరులో రైడ్ ఉంది కదా అని నమ్మి పెండ్లి వీడియోలు దీని మీద పెట్టకండి. రైడ్ 1లో రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఉంటుంది, 4 టీబీవి రెండు పెడితే మీకు దొరికేది 4 టీబీనే. రైడ్ 5కి కనీసం మూడు డిస్కులు కావాలి, ఇందులో ప్యారిటీ అనే లెక్క వాడతారు. మిగతా డిస్కుల్లోని డేటాతో కట్టిన ఒక మొత్తాన్ని పక్కన రాసి పెట్టుకుంటే, ఒక డిస్కు పోయినా ఉన్నవాటి నుంచి లేనిదాన్ని వెనక్కి లెక్కకట్టొచ్చు. 4 టీబీవి నాలుగు పెడితే 12 టీబీ దొరుకుతుంది. రైడ్ 6 రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది, అవే నాలుగు డిస్కులతో 8 టీబీ వస్తుంది. రైడ్ 10 కూడా 8 టీబీనే ఇస్తుంది, జతలు జతలుగా నకలు ఉంచుతుంది, వేగం ఎక్కువ. జేబాడ్ అంటే ఏ రక్షణా లేకుండా డిస్కులను ఉన్నవి ఉన్నట్టుగా వాడటం.

డిస్కు పోయినప్పుడు పెట్టె కీచుమని మొత్తుకుంటుంది, స్క్రీన్ మీద డిగ్రేడెడ్ అని వస్తుంది. అంటే ఇంకా నడుస్తోంది, కానీ రక్షణ పోయింది. కొత్త డిస్కు పెట్టాక పోయిన డేటాను దాని మీద మళ్లీ రాయాలి, దీన్ని రీబిల్డ్ అంటారు, పెద్ద డిస్కులైతే చాలా గంటలు, ఒక్కోసారి రోజు దాటి కూడా పడుతుంది. రైడ్ 5లో ఈలోపు ఇంకో డిస్కు పోయిందా, అంతా పోయినట్టే. ఒకేరోజు ఒకే షాపులో కొన్న డిస్కులు ఒకేలా అరుగుతాయి కాబట్టి ఇది అరుదైన సంగతి అనుకోకండి. కొత్త డిస్కు ఆర్డర్ ఇచ్చి రెండ్రోజులు ఎదురుచూడటం కన్నా ఒకటి అదనంగా కొని బీరువాలో పెట్టుకోవడం నయం.

రైడ్ అంటే బండికి స్టెప్నీ లాంటిది. పంక్చరైతే పని ఆగదు, బండినే ఎవరో ఎత్తుకుపోతే స్టెప్నీ కూడా దానితోనే పోతుంది. మీరే పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రైడ్ ఆ డిలీట్‌ను రెండు డిస్కుల మీదా శ్రద్ధగా చేస్తుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండింటి మీదా తాళమే. పిడుగు పడి పెట్టె కాలితే డిస్కులన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే నాలుగు బేల పెట్టె కొని రైడ్ 5 పెట్టుకుని బ్యాకప్ లేకుండా ఉండటం కన్నా, రెండు బేల పెట్టెలో రైడ్ 1 పెట్టి, మిగిలిన డబ్బుతో రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఈ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

డిస్కులు కలిపితే వచ్చేది స్టోరేజ్ పూల్, అందులో కోసి ఇచ్చే భాగం వాల్యూమ్, దాని మీద ఫైళ్లు ఎలా రాసుకోవాలో చెప్పే పద్ధతి ఫైల్ సిస్టమ్. పెట్టె ఈఎక్స్‌టీ4 కావాలా, బీటీఆర్ఎఫ్ఎస్ కావాలా అని అడిగితే బీటీఆర్ఎఫ్ఎస్ ఎంచుకోండి, స్నాప్‌షాట్లు వస్తాయి, అవేంటో బ్యాకప్ దగ్గర చెప్తాను. ట్రూనాస్ అయితే జెడ్ఎఫ్ఎస్ వాడుతుంది, దానిలోనూ ఉన్నాయి. అలాగే సెట్టింగుల్లో స్మార్ట్ టెస్టును నెలకోసారి నడిచేలా పెట్టండి, డిస్కు తన ఆరోగ్యం తానే చూసుకుని చెప్తుంది. స్క్రబ్ అనేది రాసిన డేటా చెడిపోలేదు కదా అని మొత్తం చదివి చూసే పని, దాన్ని కొన్ని నెలలకోసారి పెట్టండి, రాత్రిపూట.

కేబుల్ దగ్గర చాలామంది దెబ్బతింటారు

మంచి పెట్టె కొన్నాక కూడా కాపీ నెమ్మదిగా అవుతోందంటే పది సార్లలో ఎక్కువసార్లు తప్పు కేబుల్‌దో స్విచ్‌దో అయి ఉంటుంది. గిగాబిట్ అంటే సెకనుకు 1000 మెగాబిట్లు, ఫైళ్ల లెక్కలో ఆచరణలో సెకనుకు 110 ఎంబీ దాకా వస్తుంది. పైన చెప్పిన 450 జీబీ పెండ్లి దాదాపు గంటా పది నిమిషాల్లో ఎక్కేస్తుంది. అదే దారిలో ఎక్కడైనా 100 మెగాబిట్ల పాత స్విచ్ ఒక్కటి ఉన్నా వేగం 11 ఎంబీకి పడిపోయి పదకొండు గంటలు దాటుతుంది. గోడల్లోంచి లాగిన కేబుల్‌కి ఎనిమిది తీగలకు బదులు నాలుగే కొట్టి కనెక్టర్ వేసి ఉంటే కూడా అంతే, గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్ తెరిచి వేగం దగ్గర ఒక జీబీపీఎస్ అని ఉందో, 100 ఎంబీపీఎస్ అని ఉందో చూడండి, అక్కడే తెలిసిపోతుంది. క్యాట్ 5ఇ కేబుల్ చాలు, కొత్తగా లాగిస్తుంటే క్యాట్ 6 వేయించండి. వీడియో ఎడిటింగ్ వైఫై మీద పెట్టుకోకండి.

నాస్‌కు రూటర్ ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) ఇస్తుంది, కరెంటు పోయి వచ్చాక అది మారిపోవచ్చు. మారితే "నిన్నటి దాకా ఓపెన్ అయింది, ఇవాళ కావట్లేదు" అని అందరూ మిమ్మల్నే అడుగుతారు. రూటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లోకి వెళ్లి నాస్‌కు ఒక అడ్రస్ ఖాయం చేయండి, ఉదాహరణకు 192.168.1.50.

కరెంటు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. రాస్తూ రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. ఇంటి ఇన్వర్టర్ మారే క్షణంలో కొన్ని పెట్టెలు రీస్టార్ట్ అయిపోతాయి కాబట్టి నాస్‌కు, స్విచ్‌కు, రూటర్‌కు కలిపి ఒక యూపీఎస్ పెట్టండి. యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు ఉన్నది కొని ఆ కేబుల్‌ను నాస్‌కు తగిలిస్తే, బ్యాటరీ అయిపోతుండగానే నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. మన దగ్గర మే నెల ఎండలు తెలిసినవే, పెట్టెను సజ్జ మీదో, రేకుల షెడ్డులోనో, తలుపులు మూసిన అల్మారాలోనో పెట్టకండి, గాలి ఆడేచోట పెట్టండి.

షేర్ చేయడం

నాస్‌లో ఒక షేర్డ్ ఫోల్డర్ తయారు చేయండి. దాన్ని కంప్యూటర్లకు అందించే భాషను ప్రోటోకాల్ అంటారు, మీకు కావాల్సింది ఎస్ఎంబీ. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ మొదలుపెట్టినదాన్ని తర్వాత మైక్రోసాఫ్ట్ పెంచి పెద్ద చేసింది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో రాయడం మొదలుపెట్టిన సాంబా అనే సాఫ్ట్‌వేర్ వల్ల లైనక్స్ యంత్రాలు కూడా ఈ భాష మాట్లాడగలుగుతున్నాయి, చాలా నాస్ పెట్టెల లోపల నడిచేది సాంబానే. మ్యాక్ కూడా ఇప్పుడు ఎస్ఎంబీనే వాడుతుంది, ఏఎఫ్‌పీ అన్న పాతదాన్ని వదిలేయండి. ఎన్ఎఫ్ఎస్ లైనక్స్ వాళ్లకు పనికొస్తుంది. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వెళ్తుంది, ఆపేయండి.

ఎస్ఎంబీలో మొదటి వెర్షన్‌ను తప్పకుండా ఆపేయాలి. 2017 మేలో ప్రపంచమంతా ఆసుపత్రులను, ఫ్యాక్టరీలను స్తంభింపజేసిన వానాక్రై అనే వైరస్ ఆ వెర్షన్‌లోని లోపం పట్టుకునే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. నాస్ సెట్టింగుల్లో కనీస వెర్షన్ ఎస్ఎంబీ 2 అని పెట్టండి. పాత ప్రింటర్ స్కాన్ చేసి ఫోల్డర్‌లోకి పంపడం ఆగిపోయిందని ఎవరైనా మళ్లీ ఒకటో వెర్షన్ ఆన్ చేయమంటే ఒప్పుకోకండి, స్కాన్ పంపడానికి వేరే దారి చూసుకోవచ్చు.

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి అడ్రస్ బార్‌లో \\192.168.1.50 కొట్టండి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చాక ఫోల్డర్లు కనిపిస్తాయి. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ నొక్కితే అది జెడ్ డ్రైవ్ లాగా ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అన్ని కంప్యూటర్లలో ఒకే అక్షరం పెట్టండి, లేకపోతే ఎడిటింగ్ ప్రాజెక్టు ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు క్లిప్పులు దొరకడం లేదని గొడవ చేస్తుంది. పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచిపెట్టే గెస్ట్ పద్ధతిని కొత్త విండోస్ చాలావరకు అడ్డుకుంటుంది, మంచిదే. ఒకే కంప్యూటర్ నుంచి ఒకే నాస్‌కు రెండు వేర్వేరు పేర్లతో లాగిన్ అవ్వబోతే కూడా విండోస్ ఒప్పుకోదు, అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి పాత పేరు తీసేసి, కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.

ఇక పర్మిషన్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా యూజర్ తయారు చేసి, వాళ్లను గ్రూపుల్లో వేయండి: ఎడిటర్లు, డిజైనర్లు, కౌంటర్. తర్వాత ఫోల్డర్‌కు ఏ గ్రూపుకి ఏ హక్కు అన్నది ఇవ్వండి. రీడ్ ఓన్లీ అంటే చూడొచ్చు, మార్చలేరు. రీడ్ రైట్ అంటే మార్చొచ్చు, తీసేయొచ్చు కూడా. నో యాక్సెస్ అంటే తెరవనే తెరవదు. కెమెరా నుంచి దింపిన ఒరిజినల్స్ ఫోల్డర్ దింపేవాళ్లకు తప్ప అందరికీ రీడ్ ఓన్లీగా పెట్టండి, ఎడిటింగ్ పని వేరే ఫోల్డర్‌లో జరగాలి. ఇది చిన్న పనిలా అనిపిస్తుంది గానీ, పొరపాటు డిలీట్లలో చాలా భాగం దీనితోనే ఆగిపోతాయి. ఎవరైనా పని మానేస్తే ఆ ఒక్క యూజర్‌ను ఆపేస్తే చాలు, అందరి పాస్‌వర్డులూ మార్చే పని ఉండదు.

అన్నిటికన్నా తెలియని సంగతి ఒకటి చెప్తాను. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది మామూలుగా మీ విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. నాస్‌లోనే ప్రతి షేర్డ్ ఫోల్డర్‌కు విడిగా రీసైకిల్ బిన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి, నెల రోజుల తర్వాత ఖాళీ అయ్యేలా పెట్టండి.

ఒకే ఫైల్‌ను ఇద్దరు తెరిస్తే ఎక్సెల్ లాంటివి రెండోవాళ్లకు లాక్ అయిందని చెప్తాయి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు చెప్పవు, చివర సేవ్ చేసినవాళ్లదే మిగులుతుంది. ఫోల్డర్ పేర్లలో తేదీని 2025-02-14 లాగా ఏడాదితో మొదలుపెట్టండి, అప్పుడు అవే వరుసలో పడతాయి, తర్వాత ఊరు, ఇంటిపేరు.

బయటి నుంచి చూడాలంటే

కస్టమర్ కరీంనగర్‌లో ఉన్నాడు, ఫొటోలు చూపించాలి. పెట్టెలోనే లింక్ షేరింగ్ ఉంటుంది, లింక్‌కు పాస్‌వర్డ్, గడువు తేదీ రెండూ పెట్టి పంపండి. మీరే ఇంటి నుంచి నాస్‌లోకి వెళ్లాలనుకుంటే రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి నాస్‌ను నేరుగా ఇంటర్నెట్ ముందు నిలబెట్టకండి, ముఖ్యంగా ఎస్ఎంబీ వాడే 445 పోర్టును ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. అలా తెరిచి ఉన్న నాస్‌లనే వెతికి వెతికి తాళం వేసి డబ్బు అడిగే ముఠాలు ఉన్నాయి. వీపీఎన్ వాడండి, అది మీ ఫోన్‌కు, ఆఫీసుకు మధ్య ఒక మూసిన దారి వేస్తుంది. చాలా కనెక్షన్లలో సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, సీజీనాట్ అని వందలమందికి ఒకే అడ్రస్ ఇస్తారు, అలాంటప్పుడు యూట్యూబ్ వీడియోలో చెప్పే డీడీఎన్ఎస్ చిట్కా (మారే అడ్రస్‌కు మారని పేరు పెట్టడం) పనిచేయదు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌లు అలాంటి కనెక్షన్ మీద కూడా పనిచేస్తాయి. అడ్మిన్ అనే పేరుతో ముందే వచ్చిన అకౌంట్‌ను ఆపేసి వేరే పేరుతో పెట్టుకోండి, రెండంచెల లాగిన్ ఆన్ చేయండి, అప్‌డేట్లు వాయిదా వేయకండి.

బ్యాకప్

సింక్‌ను, బ్యాకప్‌ను ఒకటిగా చూడకండి. సింక్ రెండు చోట్లను ఎప్పుడూ ఒకేలా ఉంచుతుంది, ఇక్కడ తప్పు జరిగితే అక్కడ కూడా అదే తప్పు నిమిషాల్లో జరుగుతుంది. బ్యాకప్ నిన్నటి రూపాన్ని, పోయిన వారం రూపాన్ని దాచిపెడుతుంది. ఒక్కో రూపాన్ని వెర్షన్ అంటారు, ఎన్ని రోజులు దాచాలన్నది రిటెన్షన్.

ప్రతిసారీ మొత్తం కాపీ చేస్తే ఫుల్ బ్యాకప్. కిందటి బ్యాకప్ తర్వాత మారినవే తీస్తే ఇంక్రిమెంటల్, త్వరగా అవుతుంది, కానీ తిరిగి తెచ్చేటప్పుడు గొలుసులో అన్నీ బాగుండాలి. చివరి ఫుల్ తర్వాత మారినవన్నీ ప్రతిసారీ తీస్తే డిఫరెన్షియల్. నాస్‌తో వచ్చే బ్యాకప్ యాప్ ఇదంతా తనే చూసుకుంటుంది, మీరు సమయం, రిటెన్షన్ పెడితే చాలు. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడం, మారిన భాగానికే జాగా తీసుకుంటుంది. గంటకోసారి పెట్టండి. కంప్యూటర్‌లో దూరిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) షేర్ లోపలి ఫైళ్లను పాడుచేసినా, నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ దొరకనంతవరకు స్నాప్‌షాట్లను ముట్టుకోలేదు, వెనక్కి తిప్పుకోవచ్చు. అయితే అది కూడా అవే డిస్కుల మీద ఉంటుంది, డిస్కులు పోతే అదీ పోతుంది.

అందుకే 3-2-1 పద్ధతి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్, అంటే మీ లాంటి పని చేసేవాడే. వేరే చోట ఎందుకు అని అడిగితే 2020 ఆగస్టును, 2023 జూలైను గుర్తు చేసుకోండి, వరంగల్, హన్మకొండలో లోతట్టు కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో చూశాం. కింది అంతస్తులో నాస్, దాని పక్కనే బ్యాకప్ డిస్కు ఉంటే రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి.

ఆచరణలో ఇలా చేయండి. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులకు ఒకటి, రెండు అని నంబర్లు వేయండి. ఒకటోది నాస్ వెనక తగిలించండి, రోజూ రాత్రి బ్యాకప్ దాని మీద పడుతుంది. ఆదివారం దాన్ని ఎజెక్ట్ చేసి తీసి ఇంటికి తీసుకెళ్లండి, ఇంటి నుంచి రెండోది తెచ్చి తగిలించండి. ఇల్లు, స్టూడియో ఒకే బిల్డింగ్‌లో ఉంటే కాజీపేటలో తమ్ముడి ఇంట్లోనో, అక్క వాళ్ల ఇంట్లోనో పెట్టండి. తీసి దాచిన డిస్కుకు ఏ కేబులూ ఉండదు కాబట్టి వైరస్ దాన్ని చేరలేదు, దీన్నే ఎయిర్ గ్యాప్ అంటారు. డిస్కు దారిలో పోయినా ఎవరూ చదవలేకుండా బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టండి, కానీ ఆ తాళం పదం పోగొట్టుకుంటే కంపెనీవాళ్లు కూడా తెరవలేరు.

క్లౌడ్ కూడా పెట్టుకోవచ్చు, అయితే అప్‌లోడ్ వేగం చూసుకోండి. 50 మెగాబిట్ల అప్‌లోడ్ మీద 450 జీబీ ఎక్కాలంటే ఇరవై గంటలు. మొత్తం ఒరిజినల్స్ కాకుండా ఎడిట్ అయిన ఫొటోలు, ఆల్బమ్ ఫైళ్లు, అకౌంట్లు మాత్రం క్లౌడ్‌కు పంపడం తెలివైన పని. ట్యాలీ లాంటి అకౌంట్ల సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా దాని ఫైళ్లను కాపీ చేస్తే సగం సగం డేటా రావచ్చు, దానిలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో తీసి, ఆ ఫైల్‌ను నాస్ మీద పెట్టండి. కెమెరా కార్డులను మాత్రం నాస్ మీద ఒకటి, బ్యాకప్ డిస్కు మీద ఒకటి కాపీ పడ్డాకే ఫార్మాట్ చేయాలని స్టూడియోలో అందరికీ చెప్పేయండి. మేడారం జాతర లాంటి చోట తీసినవి పోతే రెండేళ్లు ఆగాలి.

ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అనే మాటలు పెద్దగా వినిపిస్తాయి, అడిగేది రెండు ప్రశ్నలే. ఎంత పని పోయినా తట్టుకోగలరు, ఒక రోజా, ఒక గంటా? తిరిగి నిలబడటానికి ఎంతసేపు ఆగగలరు? మొదటిదాన్ని బట్టి బ్యాకప్ ఎన్నిసార్లు తీయాలో, రెండోదాన్ని బట్టి అదనపు డిస్కు, అదనపు పెట్టె అవసరమో కాదో తేలుతుంది.

ఇవన్నీ పెట్టాక రీస్టోర్ చేసి చూడండి, ఇది చేయనివాళ్లే ఎక్కువ. బ్యాకప్ డిస్కును నాస్‌కు కాకుండా వేరే కంప్యూటర్‌కు తగిలించి, నాస్ లేదనే అనుకుని, కిందటి నెల ఒక పెండ్లి ఫోల్డర్‌ను బయటికి తీయండి. కొన్ని బ్యాకప్‌లు మామూలు ఫోల్డర్లలా కనిపించవు, తెరవడానికి ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, ఆ సంగతి ప్రమాదం జరిగిన రోజు కాకుండా ఇవాళే తెలియాలి. వీడియో క్లిప్పులు నాలుగైదు చివరిదాకా ప్లే చేయండి, ఫైళ్ల లెక్క, సైజు ఒరిజినల్‌తో సరిపోల్చండి. మూడు నెలలకోసారి ఇదే పని చేయండి, తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. నాస్ అడ్రస్, అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ తాళం పదం, ఏ డిస్కు ఎక్కడుందో అన్నీ ఒక కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి, స్టూడియోలో కాకుండా ఇంట్లో బంగారం, భూమి కాగితాలు దాచేచోట ఉంచండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.